ఎవరి ఇటుక వారిదే

పలాసలో జీడిపిక్కల్ని చేతి మిషన్ మీద కొట్టే రోజుల నాటి కథ. ఒక షెడ్డులో వరసగా బల్లలు, బల్లకో మిషన్. ఆడవాళ్లు చేతులకు ఆముదం రాసుకుని నిలబడేవారు. ఒక చేత్తో పిక్క పెట్టి రెండో చేత్తో పిడి లాగితే రెండు కత్తుల మధ్య పిక్క చీలేది. 320 నంబరు రకం గుండు, అంటే విరగని పప్పు, కిలో కావాలంటే దాదాపు 700 పిక్కలు కొట్టాలి. పిక్కకో లాగుడు.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు శుభ్రత మనిషి. మర్నాడు యజమాని వస్తారనగా షెడ్డంతా తిరిగి చూశాడు. బల్లల కింద ఇటుకలు, పిడులకు చుట్టిన పాత చీర పేలికలు. “ఇది ఫ్యాక్టరీయా, పశువుల శాలా?” అని అన్నీ ఎత్తించి గోడవతల పోయించాడు. యజమాని మెచ్చుకున్నారు కూడా.

నెల తిరిగేసరికి గుండు తగ్గింది, బద్దా ముక్కా పెరిగాయి. సూపర్‌వైజరు కత్తులు మార్పించాడు. పిక్క సరిగ్గా ఉడకలేదని బాయిలరు దగ్గరివాణ్ణి తిట్టాడు. ఏదీ కుదరక కూలి కోశాడు. ఈలోగా ఇద్దరు పని మానేశారు. ఇంకొకామె చేతిలోంచి పప్పు పళ్లెం జారిపోయింది. వేళ్లు తిమ్మిరెక్కి పట్టు దొరకలేదంది. సాకు అనుకున్నాడు.

షెడ్డు ఊడ్చే ముసలమ్మ ఒకనాడు ఉండబట్టలేక అంది: “బాబూ, ఆ దినం నా సేత పారబోయించింది సెత్త కాదు. ఆళ్ల ఎత్తు.”

అప్పుడు చూశాడు. బల్లలన్నీ ఒకే ఎత్తు. పొట్టి మనిషి పిడి లాగినప్పుడల్లా మోచెయ్యి భుజందాకా లేస్తోంది, మణికట్టు వెనక్కి విరుగుతోంది. ఇటుక ఎక్కితే ఆ మోచెయ్యి ఒంటిపక్కకు దిగుతుంది.

గోడవతలి ఇటుకలు తెప్పించి మనిషికొకటి పంచబోయాడు. అతనిచ్చింది ఎవరూ తీసుకోలేదు. ఒక్కో ఇటుకా ఎక్కి చూసి, దిగి, ఇంకోటి ఎక్కారు. మడమ ఆనిన చోట అరిగిన గుంటను బట్టి ఎవరిది వారు పోల్చుకున్నారు. ఒకామె రెండు తీసుకుంది. పొడుగాటామె ఒక్కటీ ముట్టలేదు. చివరికి రెండు ఇటుకలు మిగిలాయి. పని మానేసిన ఇద్దరివీ.

నీతి: పనికి తగ్గట్టు మనిషిని వంచకూడదు, మనిషికి తగ్గట్టు పనిని సర్దాలి. ఎంత సర్దాలో చేసే మనిషినే అడగాలి.

వేళ్ల తిమ్మిరి సాకు కాదు. మణికట్టులో ఇరుకైన దారి ఒకటుంది. వేళ్లను ఆడించే 9 స్నాయువులూ, వాటితోపాటు ఒక నరమూ అందులోంచే వెళ్లాలి. చెయ్యి వంచి అదే పని వేలసార్లు చేస్తే అక్కడ వాచి నరం నొక్కుకుంటుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కడం తొలి కబురు. ఆ దశలోనే బల్ల ఎత్తు మార్చినా, పూటకోసారి కొట్టేవాళ్లను గ్రేడింగుకు పంపినా చాలామందికి చెయ్యి దక్కే వీలుంది. నిలబడి పనిచేసేవాళ్లకు వీలు చిక్కినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. ఆ సెక్షన్ తెలిసిన షెడ్డులో కూడా ఒక్కోసారి ఉన్న కుర్చీ సూపర్‌వైజరుదే.

అయ్యా, ఈసారి షెడ్డు ఊడ్పించే ముందు ఆ ఇటుక ఎవరిదో ఒక్క మాట అడగండి.