మన్ను లేని మొక్క

ధ్యాన భాగములు: దానియేలు 1:8-16, 6:10



నేల విడిచి సాము చేయరాదని మన పెద్దలు చెప్పుదురు. అయినను నేల విడిచిన కూరమొక్కలు నేడు మన కన్నులయెదుట ఏపుగా పెరుగుచున్నవి. పట్టణములలో మేడలమీదను, అక్కడక్కడ పల్లెల పెరళ్లలోను పందిరివంటి చిన్న యిల్లు కట్టి, దానిపై నీడవల కప్పి, మూతగల బకెట్లలో నీరు నింపి, ఆ నీటిలోనే పాలకూరయు, పుదీనాయు, టమాటాయు పెంచుచున్నారు. మూతకు రంధ్రము చేసి, కొబ్బరిపీచు పొట్టు నింపిన చిన్న గిన్నెలో మొక్కను నిలుపుదురు. వేళ్లు క్రిందికి దిగి నీటిని అందుకొనును. పిడికెడు మన్నైనను అక్కడ ఉండదు. దీనికి హైడ్రోపోనిక్స్ అని పేరు. నీరు అనియు శ్రమ అనియు అర్థమిచ్చు రెండు గ్రీకు మాటలనుండి ఆ పేరు పుట్టినది.

ఈ నెల మనము ఈ మొక్కను ధ్యానించుటకు కారణము కలదు. మన సంఘములలో ఇంటికొకరైనను ఊరు విడిచి వెళ్లియున్నారు. ఒకడు చదువుకు, ఒకతె నర్సు పనికి, ఒకడు కట్టడపు కూలికి, మరియొకడు గల్ఫు దేశమునకు వెళ్లెను. పుట్టిన నేలనుండి తీయబడిన ఈ పిల్లలు విశ్వాసమందు బ్రదుకుదురా, వాడిపోవుదురా? తల్లిదండ్రులు రాత్రులయందు తమలోతాము అడుగుకొను ప్రశ్న ఇదే.

దానియేలును అట్టి పిల్లవాడే. యూదా దేశములో వేళ్లూనిన వానిని పెరికి బబులోనులో నాటిరి. అక్కడ దేవాలయము లేదు, పండుగ లేదు, పెద్దల మందలింపు లేదు. రాజు భోజనమును వద్దని, పది దినములు కూరలును నీళ్లును ఇచ్చి చూడుమని అతడు అడిగెను. పది దినములైన తరువాత అతని ముఖమును, అతని స్నేహితుల ముఖములును తక్కినవారి ముఖములకంటె కళగా కనబడెను. నేల మారినను మొక్క వాడలేదు. ఏలాగున వాడలేదో మూడు సంగతులలో చూతము.

మొదటిది, మన్ను లేకపోయినను మొక్క బ్రదుకును గాని ఆహారము లేక బ్రదుకదు. 1699వ సంవత్సరములో ఇంగ్లాండు దేశపు జాన్ ఉడ్‌వర్డ్ అను పండితుడు పుదీనా జాతి మొక్కలను వాననీటిలోను, నదినీటిలోను, తోటమన్ను కలిపిన నీటిలోను పెంచి తూచి చూచెను. మన్ను కలిపిన నీటిలోనిదే ఎక్కువగా పెరిగెను. వట్టి నీరు చాలదని ఆలాగున తెలిసెను. మన్నులోనుండి నీటిలో కరిగివచ్చు లవణములే మొక్కకు ఆహారమని తరువాతివారు కనుగొనిరి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమందు గెరికే అను ఆచార్యుడు, నిచ్చెన వేసి కాయలు కోయవలసినంత ఎత్తుగా టమాటా తీగలను నీటితొట్లలో పెంచెను. మన దేశములో 1946లో షోల్టో డగ్లస్ అను ఆయన బెంగాలు కొండలలోని కాలింపాంగునందు ఈ పద్ధతిని పరీక్షించి చూచెను.

అయితే ఒక భేదమును గమనింపవలెను. నేల గాదెవంటిది. మనము రెండు దినములు మరచినను అది దాచియుంచిన తేమను, సారమును మొక్కకు ఇచ్చుచుండును. నీటిలోని మొక్కకు గాదె లేదు. నత్రజనియు, భాస్వరమును, పొటాషియమును, సున్నపు సారమును, ఇనుమును మన చేతితోనే కలిపి పోయవలెను. గొట్టములలో నీరు పారించు పద్ధతిలోనైతే, ఎండవేళ కరెంటు పోయి పంపు ఆగినయెడల కొద్ది గంటలలోనే ఆకులు వ్రేలాడును.

పల్లెలోని సంఘము మన పిల్లలకు గాదెగా ఉండెను. గుడిగంట మ్రోగును, ప్రక్కింటివారు పిలుతురు, నాయనమ్మ ప్రార్థన చెవిని పడుచుండును. తామే పోషింపబడుచున్నామని తెలియకయే పిల్లలు పోషింపబడిరి. పట్టణములో వారికొరకు గంట మ్రోగదు. అక్కడ అనుదిన వాక్యమును, అనుదిన ప్రార్థనను తమ చేతితోనే కలుపుకొనవలెను. అరణ్యములో ఇశ్రాయేలీయులకు విత్తుటయు కోయుటయు లేకపోయినను, దేవుడు నలువది సంవత్సరములు మన్నాతో పోషించెను. కాని ఏ దినపు మన్నాను ఆ దినమే కూర్చుకొనవలసియుండెను గదా! తాతగారి భక్తి మనుమనికి నిలువ ఆహారము కానేరదు.

రెండవది, వేరునకు చీకటియు గాలియు కావలెను. వెలుగు నీటిని తాకినయెడల పాచి పుట్టి, మొక్కకొరకు కలిపిన ఆహారమును తానే తినివేయును. కనుక బకెట్టును ఎల్లప్పుడు మూసియుంచుదురు. నీటిలో గాలి తగ్గినను వేరు ఊపిరాడక క్రుళ్లును. వేసవిలో నీరు వేడెక్కునప్పుడు ఆ నీటిలో గాలి మరింత తక్కువగా నిలుచును. అందుచేత చేపల తొట్టిలో వాడునట్టి చిన్న యంత్రముతో నీటిలోనికి గాలి ఊదుదురు. ఆరోగ్యమైన వేరు తెల్లగా ఉండును. చెడిన వేరు గోధుమరంగు తిరిగి కంపుకొట్టును. ఆశ్చర్యమేమనగా, వేరు చెడుచున్నను ఆకు కొంతకాలము పచ్చగానే కనబడును. కాబట్టి తెలిసిన పెంపకందారుడు ఆకును చూచి తృప్తిపడక మూతయెత్తి వేరును చూచును.

పట్టణమునుండి పండుగకు వచ్చిన కుమారుని మంచి బట్టలు చూచి మనము సంతోషించుచున్నాము. అది ఆకు. అతని రహస్య ప్రార్థన ఏమైనదో ఎవరు చూచిరి? తలుపు వేసికొని రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయవలెనని ప్రభువు నేర్పెను. దానియేలు సింహముల గుహయొద్ద క్రొత్తగా ప్రార్థన నేర్చుకొనలేదు. దినమునకు ముమ్మారు తన మేడగదిలో మోకాళ్లూనుట అతనికి పాత అలవాటు. ఆ అలవాటే వేరునకు ఊపిరి.

మూడవది, మిక్కిలి అల్పమైనది కొదువైనను మొక్క చెడును. మాలిబ్డినమ్ అను లోహము లేనిదే టమాటా మొక్క సరిగా పెరగదని 1939లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు చూపిరి. పది కోట్ల పాళ్ల నీటికి ఒక పాలు ఉన్నను చాలును. ఆ ఒక్క పాలు లేనియెడల ఆకులు మచ్చలుపడి అంచులు మాడును. నత్రజని ఎంత పోసినను ఆ కొదువ తీరదు. ఒకటి కొదువగా నున్నదని ప్రభువు ఆ ధనవంతునితో చెప్పిన సంగతి మనకు జ్ఞాపకము రావలెను. మన పిల్లలకు జీతమున్నది, చదువున్నది, పేరున్నది. భోజనమునకు ముందు కన్నులు మూయుట, పండుకొనబోవుముందు ఒక్క వచనము చదువుట, ఆదివారమున తమ భాషలో ఆరాధించు కొద్దిమందిని వెదకి చేరుట, ఇవి చిన్నవిగా కనబడును. ఇవి లేకపోయినప్పుడే వీటి విలువ తెలియును.

ప్రియులారా, ఈ పెంపకము ఊరక రాదు. ఖర్చు కలదు, కరెంటు కావలెను. వరియు జొన్నయు నేలమీదనే పండవలెను. నేలమీద నున్నామని మనమును అతిశయింపకూడదు. పోషింపని నేలయు చవుడుబారును. మరియొక సంగతి: మన్నులో మొలచిన నారును పెరికి నీటిలో పెట్టినయెడల వేళ్లు తెగును. కొబ్బరిపీచులోనే మొలిపించి, వేళ్లు చెదరకుండ దించిన నారు త్వరగా నిలదొక్కుకొనును. పిల్లవాడు బస్సు ఎక్కు దినమున బైబిలు చేతికిచ్చి పంపుట చాలదు. ఊరిలో ఉన్నప్పుడే తానుగా చదువుటకును, తానుగా ప్రార్థించుటకును నేర్పవలెను. రాజు భోజనము ముట్టకముందే దానియేలు తన హృదయములో తీర్మానము చేసికొనెను.

తల్లులారా, ఫోనులో మీరు మొదట అడుగు మాట, తిన్నావా నాయనా అనునదే గదా! ఆ మాటను మానవద్దు. దానితోకూడ రెండవ ఆహారమునుగూర్చియు అడుగుడి. గద్దింపుగా కాక, ఆకలి ఎరిగిన తల్లిగా అడుగుడి. ఆ దినము మీరు చదివిన వాక్యమును ఫోనులోనే చదివి వినిపింపుడి. సంఘ పెద్దలారా, ఊరు విడిచిన ప్రతివాని పేరు వ్రాసికొని, ఆదివారపు ప్రార్థనలో ఒక్కొక్కరిని పేరుపేరున జ్ఞాపకము చేయుడి.

బబులోనులో దానియేలును పోషించిన దేవుడు, మన్ను లేనిచోట నిలిచిన మన బిడ్డలను అనుదినము పోషించి, వారి వేళ్లను తెల్లగా కాపాడును గాక. ఆమేన్.