అడిగితే లోకువా?

ఆర్కిటెక్టు ఇచ్చిన ప్లానులో గుమ్మం వెడల్పు మూడున్నర అడుగులు. ఇంజనీరు ఇచ్చిన కాగితంలో అదే గుమ్మం మూడడుగులు. కంట్రాక్టరు రెండూ చూశాడు. తనకి ఖర్చు తక్కువయ్యేదేదో చూసుకుని కట్టేశాడు. అడిగితే, "మీరిచ్చిన కాగితమేనండీ, నాదేం తప్పు?" అన్నాడు.

నిజంగా తప్పు లేదా?

బి.ఏ.లో నేను చదివింది చరిత్ర. సిమెంటుకీ ఇసుకకీ పాళ్లు నాకు తెలియవు. కాని ఈ ప్రశ్న సిమెంటుది కాదు, మనిషిది.

మన కేంద్ర ప్రజాపనుల శాఖ ఒప్పందాల్లో దీనికో సూత్రం ఉంది. చిన్న స్కేలు ప్లానుకన్నా వివరంగా గీసినదే ప్రమాణం. స్కేలు పెట్టి కొలిచినదానికన్నా రాసి ఉన్న అంకే ప్రమాణం. అమెరికా ఆర్కిటెక్టుల సంఘంవారి ఒప్పందపత్రం ఇంకో మాట చెబుతుంది. కంట్రాక్టరు ఇంజనీరంత చదువుకుని ఉండనక్కర్లేదు. కాని తేడా కంటపడితే మాత్రం వెంటనే చెప్పాలి. చెప్పకపోతే నష్టం అతనిదే. అంటే తెలియకపోవడం నేరం కాదు, తెలిసీ ఊరుకోవడం నేరం. నాకిది న్యాయంగానే తోచింది.

ఊరుకుంటే ఏమవుతుంది? 1981 జూలై 17న అమెరికాలో కాన్సాస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో, పైకప్పు నుంచి వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చచ్చిపోయారు. మొదటి డ్రాయింగులో పై వంతెననీ, కింది వంతెననీ ఒకే పొడవాటి కడ్డీలు మోయాలి. ఇనుప పనివాళ్ల డ్రాయింగులో ఒక్కో కడ్డీ రెండు ముక్కలైంది. దాంతో కింది వంతెన బరువు పై వంతెనమీద పడింది. ఒకే తాడు పట్టుకుని ఇద్దరు వేలాడటం వేరు, ఒకడి కాళ్లు పట్టుకుని రెండోవాడు వేలాడటం వేరు కదా! పై అతుకుమీద బరువు రెట్టింపయింది. మొదటి డ్రాయింగే చాలినంత గట్టిది కాదని దర్యాప్తులో తేలింది. మార్చిన కాగితంమీద ఇంజనీరు ముద్ర ఉంది. ఆ ఇంజనీర్ల లైసెన్సులు మిస్సోరీ రాష్ట్రంలో రద్దయ్యాయి.

ఎవరి మనసులో ఏముందో మనకి తెలియదు. నాకు మాత్రం ఆ రెండు కాగితాల మధ్య "వాళ్లు చూసుకుంటార్లే" అన్న మాట వినిపిస్తుంది.

అయితే ఇంకో పక్క కూడా ఉంది. మన దగ్గర మేస్త్రీ వచ్చి, "అయ్యా, ఈ రెండూ పొసగట్లేదండీ" అంటే ఏమంటాం? "ఇంజనీరువి నువ్వా, ఆయనా?" అంటాం. పని ఆగితే ఆ రోజు కూలి ఎవరిస్తారు? అడిగినవాడికి మర్యాదా పోతుంది, కూలీ పోతుంది. కంట్రాక్టరు మౌనం లాభం కోసం. మేస్త్రీ మౌనం భయంవల్ల. రెంటినీ ఒకే తక్కెట్లో తూచలేం.

కనక నాకు తోచేదిది: చెప్పవలసిన బాధ్యత కట్టేవాడిది, చెప్పనిచ్చే బాధ్యత కట్టించుకునేవాడిది. ఈసారి మీ మేస్త్రీ ప్లాను చేతపట్టుకుని తటపటాయిస్తూ నిలబడితే విసుక్కోకండి. "ఏమిటి నాయనా?" అని అడగండి.