పులి ఇచ్చిన మాట

మొన్నొక స్నేహితుడితో అబూ సలేం గురించి వాదన పడింది. "257 మంది చనిపోయిన కేసు. అందులో దోషికి ఉరి వెయ్యబోమని, పాతికేళ్లకు మించి జైల్లో ఉంచబోమని మనవాళ్లు ముందే రాసిచ్చారట. ఇదేం న్యాయం?" అన్నాడు.

1993 ముంబై పేలుళ్ల కేసు నిందితుడైన సలేం 2002లో లిస్బన్‌లో దొరికాడు. పోర్చుగల్ మామూలు నేరాలకు మరణశిక్షను 1867లోనే రద్దు చేసింది. అక్కడ జైలుశిక్ష కూడా 25 ఏళ్లు దాటదు. తమ గడ్డ మీద వెయ్యకూడని శిక్షకు మనిషిని అప్పగిస్తే ఆ పాపంలో తమకూ వాటా ఉంటుందని వాళ్ల లెక్క. అందుకే ముందు మాట అడిగారు. అప్పటి ఉప ప్రధాని అద్వానీ ప్రభుత్వం తరఫున హామీ ఇచ్చారు. 2005లో సలేంను అప్పగించారు. 2017లో ముంబై ప్రత్యేక కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. అదే కేసులో, అదే రోజు, మరో ఇద్దరికి ఉరిశిక్ష వేసింది.

చిన్నప్పుడు మనం విన్న ఆవు-పులి కథలో మాట ఇచ్చేది ఆవు. దూడకు పాలిచ్చి వస్తానంటుంది, వస్తుంది. నేరస్తుల అప్పగింతలో కథ తిరగబడుతుంది. ఇక్కడ మాట ఇచ్చేది పులి. అవతలివాడేమో ఆవులాంటి సాధువు కాదు. ఒకసారి గుహలోకి వచ్చాక, పులి చేత మాట నిలబెట్టించేదెవరు?

2022లో మన సుప్రీంకోర్టు ఆ పని చేసింది. 25 ఏళ్లు నిండాక ఆ హామీకి కేంద్రం కట్టుబడాల్సిందేనంది.

"మాట తప్పితే రేపు ఏ దేశమూ ఎవర్నీ అప్పగించదులే" అని మావాడు ఒప్పుకున్నాడు. అది వ్యాపారి లెక్క. నాకు సరిపోలేదు. మంచివాళ్లకిచ్చిన మాట ఎవరైనా నిలబెట్టుకుంటారు. మాటకు అర్హత లేదనిపించేవాడి దగ్గరే ప్రభుత్వం ఎలాంటిదో తెలుస్తుంది.

అయినా ఒక ముల్లు మిగిలింది. అవతలి దేశంలో మరణశిక్ష లేకపోతే, అక్కణ్ణుంచి వచ్చినవాడికి ఉరికి బదులు యావజ్జీవమే వెయ్యాలని మన అప్పగింతల చట్టమే చెబుతోంది. అంటే ఎంత నేరం చేశాడన్నదే కాదు, ఎక్కడ దొరికాడన్నది కూడా శిక్షను తేలుస్తుంది. అవసరమైతే ఒకరికి వదులుకోగలిగిన ఉరి, ఇంకొకరికి తప్పనిసరి ఎలా అవుతుంది?

చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఈ ప్రశ్న అడిగే ధైర్యం నాకు లేదు. కానీ సలేంకు ఇచ్చిన మాట నన్నిప్పుడు ఇబ్బంది పెట్టడం లేదు. ఎవరూ మాట అడగని ఆ ఇద్దరి సంగతే పెడుతోంది.