విద్యార్థి కాయకము

శరణులు కాయకమును కైలాసముతో సమానముగా భావించిరి. 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారియై రాజ్యపు లెక్కలు చూచెను. మడివాళ మాచయ్య బట్టలు ఉదికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనెను. వీరిలో ఒకరి వృత్తి మరియొకరి వృత్తికంటె తక్కువదిగా ఎంచబడలేదు. చేయు పని శుచిగా ఉండవలెను; ఒడలు వంచి చేయవలెను; దాని ఫలమును దాసోహభావముతో పంచుకొనవలెను. ఈ మూడును ఉన్నప్పుడే అది కాయకమగును.

అట్లయిన 17, 18 ఏండ్ల ప్రాయమున ఇల్లు విడిచి కళాశాలకు పోవు విద్యార్థికి కాయకమేది? వాడు సంపాదించువాడు కాడు. తండ్రి చెమటతో వచ్చిన అన్నము తినువాడు. వానికి విద్యాభ్యాసమే కాయకము. దానిని కాయక నియమముతో చేసిననాడు ఆ అన్నము ప్రసాదమగును. చేయనినాడు అది అప్పుగా మిగులును.

జహీరాబాదు ప్రాంతమున చెరకు పండించు ఒక లింగాయత కుటుంబమును తలచుకొన్న ఈ విషయము తేటపడును. పెద్ద కుమారుడు ఇంటర్మీడియేటులో మంచి మార్కులు తెచ్చుకొని హైదరాబాదులోని ఒక ఇంజనీరింగు కళాశాలలో చేరెను. తండ్రి పంటమీద అప్పు తెచ్చి ఫీజు కట్టెను. అంతవరకు వానిని తెల్లవారుజామున లేపుటకు తల్లియో, కూర్చుండబెట్టి చదివించుటకు ఉపాధ్యాయుడో ఉండెడివారు. హాస్టలులో అట్టివారెవ్వరును లేరు. మొదటి పక్షము దినములు ఉదయము స్నానము చేసి లింగపూజ చేసెను. గదిలోని మిత్రులు రాత్రి ఒంటిగంట వరకు మేలుకొనువారు. క్రమముగా వాడును మేలుకొనసాగెను. పూజ తగ్గి, మెడలోని లింగమును ఒకసారి కన్నులకద్దుకొనుటతో సరిపోయెను. చదువు పరీక్షకు ముందు మూడు రాత్రులకు కుదించుకొనిపోయెను. మొదటి సెమిస్టరులో రెండు విషయములలో తప్పెను. ఇంటికి మాత్రము అన్నియు గట్టెక్కితినని చెప్పెను.

సెలవులకు వచ్చిన కుమారుడు అన్నము సరిగా తినకుండుట తల్లి గమనించెను. తండ్రియో, కుమారుని గొప్ప ఊరంతయు చెప్పుకొనుచుండెను. తండ్రి పొగడినకొలది కుమారునికి నిద్ర దూరమయ్యెను. అట్టి దినములలో ఆ యింటికి భిక్షకు వచ్చిన వృద్ధ జంగమయ్య వాని ముఖము చూచి దగ్గర కూర్చుండబెట్టుకొనెను.

"నాయనా, పట్నములో లింగపూజ ఏ వేళకు చేయుచున్నావు?"

"వేళ యేమియు లేదు అయ్యగారూ. తీరిక దొరికినప్పుడు చేయుచున్నాను."

"మరి చదువో?"

"అదియు అంతే అయ్యగారూ" అని వాడు కన్నీరు పెట్టుకొని ఉన్న సంగతి అంతయు చెప్పివేసెను.

అయ్యగారు వానిని కోపింపలేదు. తండ్రిని పిలిచి, "ఒక కారు పంట పోయినంతమాత్రమున పొలము వదలుకొందువా?" అని అడిగెను. తండ్రి కొంతసేపు పలుకలేదు. పిమ్మట లేచి కుమారుని ప్రక్కన కూర్చుండెను.

ఆ వృద్ధుడు మొదట పూజావేళను గూర్చి అడుగుట ఊరక అడుగుట కాదు. ఇష్టలింగపూజకు ఒక వేళ కలదు. ఒక చోటు కలదు. ఎడమ అరచేతిలోని లింగముపై నిలుచు ఒకే దృష్టి కలదు. మనస్సు కుదిరిన పిమ్మట పూజకు కూర్చుందమన్నవానికి మనస్సు ఎన్నడును కుదురదు; కూర్చుండగా కూర్చుండగా అదియే కుదురును. చదువును అట్టిదే. ప్రతిదినము ఒకే వేళకు, ఒకే చోట, ఒకే విషయము ముందుంచుకొని కూర్చుండు అలవాటు ఏర్పడవలెను. మొదట అరగంట చాలును. ఆ అరగంటలో మొబైలు ఫోను చేతికందు దూరమున ఉండరాదు. దానిని ప్రక్కగదిలోనో, పెట్టెలోనో ఉంచుట మేలు. పూజలో కూర్చున్నవాడు మాటిమాటికి వీధివైపు చూచిన అది పూజ యగునా?

ఇక చదువు పద్ధతిని గూర్చి తెలిసికొనవలసినది కలదు. జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల కూర్పులను తానే కంఠస్థము చేసి, ఎంతకాలమునకు ఎంత మరచుచున్నాడో లెక్కించి 1885లో ప్రకటించెను. నేర్చినదానిలో ఎక్కువ భాగము మొదటి గంటలలోనే జారిపోవునని, ఒకేసారి పలుమార్లు వల్లించుటకంటె దినముల యెడముతో వల్లించుట మేలని ఆయన కనుగొనెను. 2006లో అమెరికా దేశపు రోడిగర్, కార్పికే అను పండితులు మరియొక పరీక్ష జరిపిరి. విద్యార్థులు ఒక పాఠమును చదివిన పిమ్మట కొందరు దానినే మరల చదివిరి. కొందరు దానిని చూడక జ్ఞాపకమునుండి వ్రాసిరి. ఐదు నిమిషముల తరువాత అడిగినప్పుడు మరల చదివినవారే మెరుగుగా చెప్పిరి. వారము తరువాత అడిగినప్పుడు చూడక వ్రాసినవారికే ఎక్కువ జ్ఞాపకముండెను. కావున విద్యార్థి ఆనాటి పాఠమును ఆనాటి సాయంకాలమే పుస్తకము మూసి ఒక కాగితముపై వ్రాసికొనవలెను. తప్పినచోట పుస్తకము తెరచి సరిచూచుకొనవలెను. మూడు దినములకు ఒకసారి, వారమునకు ఒకసారి మరల అట్లే చేయవలెను.

ఆ వ్రాత తన మాటలలో ఉండుట ముఖ్యము. పాల్కురికి సోమనాథుడు సంస్కృతము ఎరిగియు బసవపురాణమును ద్విపదలో, జనులకు తెలియు జానుతెనుగున రచించెను. విద్యార్థియు ఆంగ్లమున ఉన్న పాఠమును మొదట తన తెలుగున తమ్మునికో చెల్లెలికో తెలియునట్లు చెప్పగలిగిన, అది అర్థమైనట్లే. పిమ్మట ఆంగ్లమున వ్రాయుట అభ్యాసముచే వచ్చును. అర్థము కానిదానిని ఆంగ్లమున కంఠస్థము చేసిన, ప్రశ్న కొంచెము మారినంతనే చేయి ఆగిపోవును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణ కుటుంబములకు తెలిసినదే. రాలిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ దానిని అంగీకరింపక, అదనపు బియ్యమును తిరిగి పోసి రమ్మని పంపెను. ఏనాటి కాయకము ఆనాటిదే యని ఆ తల్లి భావము. పరీక్ష ముందు రాత్రి ఆరు నెలల చదువును ఒక్కసారి మూటగట్టుకొందమనుట ఆ అదనపు బియ్యము వంటిది. నిద్రలోనే చదివినది మనస్సున స్థిరపడును. నిద్ర చెడిన చదివినదియు చెడును. చూచివ్రాతయు అట్టిదే. ఏరని గింజలు తన గిన్నెలో వేసికొన్నవాడు పరీక్ష గెలువవచ్చును గాని, కాయకము తప్పినవాడగును. అట్టి మార్కులతో ఉద్యోగము వచ్చినను, పని చేయవలసిన దినమున వాని చేతిలో ఏమియు ఉండదు.

అల్లమప్రభువు అధ్యక్షుడైన అనుభవమంటపమున ప్రశ్నకు తావుండెను. స్త్రీలును, కాయకజీవులును అందు మాటాడిరి. అక్కమహాదేవి అచటికి వచ్చినప్పుడు ప్రశ్నలు ఎదుర్కొని సమాధానములు చెప్పెను. ఆ పరంపరలో పుట్టిన బిడ్డ తరగతిలో సందేహము కలిగినను, తన ఆంగ్లమునకు ఎవరైన నవ్వుదురని నోరు మెదపకుండుట తగదు. తెలియదని ఒప్పుకొనుట భృత్యాచారములోని వినయమే. నలుగురు తోటివారు వారమునకొకసారి కూడి, ఒకరికొకరు పాఠము చెప్పుకొన్నచో హాస్టలు గదియే చిన్న అనుభవమంటపమగును.

తల్లిదండ్రులకును ఇందు కర్తవ్యము కలదు. ఫలితము వచ్చినప్పుడు వంశగౌరవము మాట ఎత్తరాదు. నిజము చెప్పుటకు భయపడు బిడ్డ ఒంటరియగును. ఆ ఒంటరితనము ప్రాణాపాయమునకు కూడ దారితీయవచ్చును. తప్పినను ఇంటికి వచ్చి చెప్పుకొనవచ్చునను నమ్మకమును చేరిననాడే బిడ్డకు కలిగింపవలెను. మఠములకు మార్గదర్శకముగా తుమకూరు సిద్ధగంగామఠము కలదు. శివకుమార స్వామివారు (1907–2019) కులమత భేదము లేక వేలకొలది బాలురకు అన్నము, వసతి, విద్య ఉచితముగా ఏర్పరచిరి. అంతటి దాసోహము ప్రతి మఠమునకును సాధ్యము కాకపోవచ్చును. ఒక గది, నాలుగు బల్లలు, దీపము, వారమునకొకసారి పాఠము చెప్పు ఒక పెద్ద విద్యార్థి ఏ మఠమునకైనను సాధ్యమే.

ఆ సేద్యగాని కుమారుడు తిరిగి పట్నమునకు పోయినప్పుడు అయ్యగారు వానికి ఒక్క నియమమే ఇచ్చెను: లేచిన వెంటనే స్నానము, పూజ; పూజాసనము నుండి లేవకయే అరగంట చదువు. వాడు తప్పిన రెండు విషయములలో ఒకటి తరువాతి పరీక్షలో గెలిచెను. రెండవదానికి మరియొక సెమిస్టరు పట్టెను. ఈసారి మార్కులు వచ్చిన దినమే, ఉన్నది ఉన్నట్లు తండ్రికి ఫోనులో చెప్పెను. తండ్రి "సరే నాయనా, అన్నము తింటివా?" అని అడిగెను.

విద్యార్థులందరికి ఇట్టి నియమమును, ఇట్టి ఇల్లును లభించుగాక. బసవేశ్వరుని కృప అందరిపై ప్రసరించుగాక.