ఎన్నిక కానివాని యోగ్యత

మనుష్యుని యోగ్యతను నిర్ణయించు నధికారము ఎవరిది యను ప్రశ్న ప్రాచీనమైనది. పాఠశాలలో పరీక్షకుడు, కచేరీలో అధికారి, పెండ్లిచూపులలో పెద్దలు, వీరందరును స్వల్పకాలములో నొక మనుజుని తూచి, పనికివచ్చుననియో పనికిరాడనియో తీర్పు చెప్పుచుందురు. చెప్పినవారు మరునాటికి దానిని మరతురు. పొందినవాడు చిరకాలము దానిని మోయును. ఈ విషయమును విచారించుటకు మేము అమెరికాలోని యొక బాస్కెట్‌బాల్ ఆటగాని వృత్తాంతమును తీసికొనుచున్నాము. సారస్వత పత్రికకు ఆటలతో నేమి పని యని చదువరులు శంకింపవచ్చును. ఆటస్థలమునందు తీర్పు బహిరంగముగా, తేదీతో, అంకెలతో నమోదగును; అది తప్పైనచో దాచుటకు వీలులేదు. అందుచేతనే ఈ యుదాహరణము మాకు తగినదిగా తోచినది.

ఎన్.బి.ఏ. యను వృత్తిసంఘములోని జట్లు ఏటేట యువ క్రీడాకారులను వరుసక్రమమున నెన్నుకొనును. దీనికి డ్రాఫ్టని పేరు. 2016 జూన్ 23వ తేదీని ఇట్లు 60 మంది ఎన్నికైరి. ఫ్రెడ్ వాన్‌వ్లీట్ అను యువకుని పేరు వారిలో లేదు. ఇతడు ఇల్లినాయిస్ రాష్ట్రములోని రాక్‌ఫర్డ్ పట్టణమువాడు; ఐదేండ్ల ప్రాయముననే తండ్రి హత్యకు గురికాగా తల్లి సంరక్షణలో పెరిగినవాడు. కాన్సాస్‌లోని విచిటా స్టేట్ విశ్వవిద్యాలయము పక్షమున నాలుగేండ్లాడెను. 2013–14లో ఆ జట్టు వరుసగా 35 ఆటలు గెలిచినప్పుడు దానిని నడిపినవాడితడే. అయినను ఎన్నిక కాలేదు. ఇతని పొడవు ఆరడుగులు. ఆ యాటలో నది పొట్టితనమే.

ఇతని స్థానము పాయింట్ గార్డు. బంతిని ముందుకు నడిపించి, తోడివారిలో ఎవరికి ఎప్పుడందింపవలయునో నిశ్చయించుట ఇతని పని. పొడవును, చేతుల నిడివిని, ఎగురు ఎత్తును కొలబద్దతో కొలువవచ్చును. ఏ క్షణమున తాను వెనుకకు తగ్గి ఇతరుని ముందుకు పంపవలయునో తెలిసిన వివేకమును కొలుచుటకు కొలబద్ద లేదు. కొలుచుట దోషమని మేమనము. కొలతకందనిది లేనేలేదని తలచుట దోషము.

ఎన్నిక జరుగు రాత్రి, చిన్న సంఘములో స్వల్పవేతనమునకు కొంతకాలమాడుట కొప్పుకొన్నచో ఎన్నుకొందుమని కొన్ని జట్లు కబురు పంపగా ఇతడు నిరాకరించెనని ప్రసిద్ధి. పేరు వినబడుటకంటె ద్వారమును తాను కోరుకొనుట మేలని ఇతడు తలచెను. పిమ్మట టొరంటో జట్టువారి వేసవి పోటీలలో ఆడి, 15 మంది గల పట్టికలో కడపటి స్థానమును సంపాదించెను. 2019లో ఆ జట్టు తొలిసారిగా విజేత యయ్యెను. జూన్ 13వ తేదీ కడపటి యాటలో ఇతడు 22 పాయింట్లు సాధించెను, అందు 12 తుది భాగములోనివి. 2021 ఫిబ్రవరి 2వ తేదీని ఒక్క యాటలో 54 పాయింట్లు సంపాదించెను. డ్రాఫ్టు కాని ఆటగాడెవ్వడును అదివరకంత సాధింపలేదు. 2023లో హ్యూస్టన్ జట్టులో చేరెను. 2025లో ఆటగాండ్ర సంఘమునకు అధ్యక్షుడుగా తోటివారే ఇతని నెన్నుకొనిరి. ఆ యేటనే మోకాలి స్నాయువు తెగి ఆటకు దూరము కావలసివచ్చెను.

ఈ చరిత్రనుండి లోకులు గ్రహించు నీతి యొకటి గలదు. నీపై నీవే పందెము కాయుము అనునది ఇతని నినాదము. దుస్తులపై నచ్చువేయబడి ప్రచారము పొందినది. ఆ ధైర్యమును మేము గౌరవింతుము. కాని దానినే సర్వులకును ధర్మముగా బోధించుటకు మాత్రము సమ్మతింపము. పట్టుదల కలవాడెల్ల గెలుచునన్నచో, ఓడినవాడెల్ల పట్టుదల లేనివాడని తేలును. ఇంతకంటె క్రూరమైన నిర్ణయము మరియొకటి లేదు. ఆ 2016లో టొరంటోవారి మరియొక గార్డు డెలాన్ రైట్ భుజమునకు శస్త్రచికిత్స జరిగి కొంతకాలము ఆడలేకపోయెను. ఆ ఖాళీ ఇతనికి తోడ్పడెను. ఆ కడపటి స్థానమునకే పోటీపడిన తక్కిన యువకులును తెల్లవారుజామున లేచి సాధన చేసినవారే కావచ్చును. వారి చరిత్రలు ఎవ్వరును వ్రాయరు.

అట్లని సర్వమును అదృష్టమే యనుటయు తప్పే. అదృష్టము తలుపు తెరచును గాని లోపల నిలువజాలదు. 2019లో ఫిలడెల్ఫియాతో జరిగిన పోటీలలో ఇతని గురి మిక్కిలి తప్పినది. అప్పుడు మాత్రమే చూచినవారు 2016 నాటి తీర్పే సరియైనదని యుందురు. శిక్షకుడు నిక్ నర్స్ ఇతనిని బొత్తిగా తొలగింపలేదు. ఇంచుమించు నెలదినములలో విజయదినము వచ్చినది. సామర్థ్యము ఆటగానిదే, అది బయటపడుటకు వలసిన గడువును మరియొకరు ఈయవలసివచ్చినది.

కావున మా యభిప్రాయమిది. ఏ పరీక్షయు తప్పులేనిదిగా నుండజాలదు. అట్లుండవలయునని కోరుటయు న్యాయము కాదు. తప్పును దిద్దుకొనుటకు రెండవ ద్వారముంచినదా లేదా యనుటయే దాని న్యాయమునకు గుర్తు. డ్రాఫ్టులో పేరు రానివానికి ఏ జట్టుతోనైనను ఒప్పందము చేసికొను స్వేచ్ఛ గలదు, వేసవి పోటీలు గలవు. ఆ ద్వారము ఇరుకైనదే, కాని మూయబడలేదు.

చదువరులారా, మనమందరమును ఏదో యొకచోట కొలుచువారమే. బిడ్డకు లెక్కలు రావని, శిష్యునికి బుద్ధి మందమని, పనివానికి నేర్పు చాలదని మనము పలికిన మాటలు ఎన్ని గలవు! వానిలో ఎన్నింటిని మరల విచారించితిమి? ఓడినవానికి ధైర్యము చెప్పుటకు వాన్‌వ్లీట్ కథను వాడుకొనుట సులభము. దానిని తీర్పరి చేతికిచ్చి, తాను మూసిన తలుపును మరియొకసారి చూడుమని యడుగుట కష్టము. ఈ రెండవ పనియే ముఖ్యమైనదని మేము నమ్ముచున్నాము.