గడువు లేని శిక్ష

పెళ్లి సంబంధానికైనా, పనిమనిషికైనా పూర్వం ఊళ్లో నలుగుర్నీ వాకబు చేసేవాళ్లం. ఇప్పుడు మా కోడలు ఫోనులో కోర్టుల వెబ్‌సైటు తెరిచి పేరు కొడుతుంది. అమెరికాలో చాలా కౌంటీలైతే జైల్లో ఉన్నవాళ్ల పేర్లు అందరికీ చూపిస్తాయి.

క్రితం నెల వంటకి కుదరడానికొచ్చినావిడ, కోడలు ఫోను తీసేలోపే, "అమ్మగారూ, చీటీపాట డబ్బు వాడేసుకున్నానండి. రాజమండ్రి ఆడవాళ్ల జైల్లో రెండేళ్లున్నాను" అంది. నేను చప్పున బీరువా తాళాలకేసి చూశాను. ఆవిడా చూసింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తెలుసుకోవడం తప్పా? కాదు. మన జాగ్రత్త మనకుండాలిగా! కానీ కోర్టు వేసిన శిక్షకి గడువుంది. మనం వేసేదానికి ఏదీ? పిల్లలు తప్పు చేస్తే, ఘోర నేరాల్లో కొందరిని మినహాయించి, ఆ రికార్డుని కొంతకాలానికి చెరిపేయమంది 2015 నాటి బాలల న్యాయ చట్టం. పెద్దవాళ్ల విషయంలో ఆ దయ చాలావరకు మనమే చూపించాలి.

నిజం చెప్పినవాళ్లని గుమ్మంలోంచే పంపేస్తే, రేపట్నుంచి అందరూ దాచడమే నేర్చుకుంటారు కదండీ!

ఆవిడ వంట బాగా చేస్తోంది. తాళాలు మాత్రం ఇంకా నా బొడ్లోనే ఉన్నాయి. వాటిని మళ్లీ గూట్లో పెట్టిన రోజున విడుదలయ్యేది ఆవిడో, నేనో!