అలను కోయడమా, ఎత్తడమా

పాలిటెక్నిక్‌లో లీనియర్ ఐసీ ల్యాబ్ నేను 22 ఏళ్ళు చూశాను. క్లిప్పర్, క్లాంపర్ ప్రయోగాలు రెండూ ఒకే పూట చేయించేదాన్ని. బ్రెడ్‌బోర్డు మీద ఒక 741 ఆప్-ఆంప్, ఒక డయోడు, ఒకటి రెండు రెసిస్టర్లు. ఫంక్షన్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ సైన్ అల, సున్నాకు పైన 5 వోల్టులు, కింద 5 వోల్టులు. రిఫరెన్స్ 2 వోల్టుల దగ్గర పెడితే క్లిప్పర్ ఆ గీత దాటిన అల నెత్తిని కోసేస్తుంది. సీఆర్‌ఓ (ఆసిలోస్కోప్) తెర మీద కొండ ఉండాల్సిన చోట అరుగు కనిపిస్తుంది. క్లాంపర్‌లో అదనంగా ఒక కెపాసిటర్ చేరుతుంది. అది అలలో ఏ భాగాన్నీ కోయదు, మొత్తంగా ఎత్తి పైన పెడుతుంది. రిఫరెన్స్ సున్నా అయితే అల అడుగు సున్నా మీద ఆనుకుంటుంది, కొన 10 వోల్టులకు చేరుతుంది. ఎత్తూ వంపూ మాత్రం వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి.

పతంజలి యోగసూత్రాల్లో రెండోదే యోగమంటే చిత్తవృత్తుల నిరోధమని చెబుతుంది. నిరోధమంటే కోయడమేనా? ఈ ప్రశ్న నన్ను చిన్నప్పటి నుంచీ వదల్లేదు. గీత రెండో అధ్యాయం 59వ శ్లోకం ప్రకారం, ఆహారం మానినవాడికి విషయాలు దూరమైనా వాటి మీది రుచి మిగిలే ఉంటుంది. మూడో అధ్యాయం 33లో, ప్రాణులన్నీ తమ స్వభావాన్నే అనుసరిస్తుంటే నిగ్రహం ఏం చేయగలదని కృష్ణుడే అడుగుతాడు. అలాంటప్పుడు ఉపవాసాలు, వ్రతాలు, దీక్షలు ఎందుకు? పుస్తకం తెరవకముందే ఈ ప్రశ్న మా ఇంట్లో, మా నాన్న కంచంలో ఉంది.

నాన్న రైస్ మిల్లులో గుమస్తా. మంచి మనిషి, కానీ కోపం వస్తే కంచం గోడకు తగిలేది. కూరలో ఉప్పు ఎక్కువైనా చాలు. 1988లో, నాకు పదిహేడేళ్ళప్పుడు, ఆయన మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నారు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నల్లబట్టలు, ఒంటిపూట భిక్ష, రాత్రి చాప మీద పడక. అమ్మతో సహా అందరం ఆయన్ని ‘స్వామీ’ అనే పిలిచేవాళ్ళం. 41 రోజులూ ఆయన గొంతు లేవలేదు. ఇరుముడి మోసుకుని శబరిమల వెళ్ళొచ్చి మాల తీసిన వారం లోపే, మజ్జిగ పల్చగా ఉందని కంచం గాల్లోకి లేచింది. దీక్ష అంటే క్లిప్పరేనని ఆ రోజు అనుకున్నాను. అప్పటికి ఆ మాట నాకు తెలియదు, అర్థం మాత్రం అదే.

ఆ అభిప్రాయానికి తరువాత చదువు కూడా తోడైంది. అలను పైనా కిందా సమానంగా కోసి స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కు ఇస్తే, 1 కిలోహెర్ట్జ్ పక్కన 3 దగ్గర, 5 దగ్గర, 7 దగ్గర కొత్త గీతలు లేస్తాయి. లోపలికి పంపిన అలలో అవి లేవు. కోతే వాటిని పుట్టించింది. ఆ 41 రోజులూ మా ఇంట్లో కేకలు లేని మాట నిజం. వాటి బదులు మడి గురించిన సాధింపు మొదలైంది. బావి దగ్గర బిందె ఎవరు ముట్టుకున్నారు, పొయ్యి ఎప్పుడు కడిగారు, చెల్లి నీడ పడిందా... ఆ ఆరాలు అంతకుముందు నాన్నలో లేవు. అణచిన కోపం వేరే పౌనఃపున్యంలో బయటికి వచ్చింది. బలవంతపు నిగ్రహం గురించి నేను ఇప్పటికీ ఇదే నమ్ముతాను.

ఇక్కడ ఆప్-ఆంప్ సంగతి చెప్పాలి. ఉత్త సిలికాన్ డయోడు 0.6, 0.7 వోల్టుల దాకా కదలదు. అంతకన్నా చిన్న అల దాని ముందు నుంచే వెళ్ళిపోతుంది. అదే డయోడును 741 ఫీడ్‌బ్యాక్ దారిలో పెడితే ఆ 0.7 వోల్టు, సుమారు 2 లక్షలుండే గెయిన్‌తో భాగించినంత చిన్నదైపోతుంది, కొన్ని మైక్రోవోల్టులే మిగులుతుంది. రెండు ఇన్‌పుట్‌లనూ అనుక్షణం పోల్చి చూడటమే దాని పని. మనిషిలో ఆ పని చేసేదాన్ని నేను ఎరుక అంటాను. ఎరుక లేని నియమం కోపం కంచం దాకా వచ్చాకే మేలుకుంటుంది. ఎరుక ఉంటే కనుబొమ్మ కదలగానే తెలుస్తుంది. దానికీ ఒక హద్దుంది. 741 మైక్రోసెకనుకు అర వోల్టు మాత్రమే కదలగలదు. డయోడు తెగినప్పుడు దాని అవుట్‌పుట్ 13 వోల్టుల దాకా పోయి కూర్చుంటే, సున్నాకు తిరిగి రావడానికే 26 మైక్రోసెకన్లు పడుతుంది. 20 కిలోహెర్ట్జ్ అలలో ఒక చుట్టు మొత్తం 50 మైక్రోసెకన్లే. అందుకే వేగంగా వచ్చే కోపం దగ్గర మంచి మనుషులు కూడా ఆలస్యమైపోతారు.

1993 వినాయక చవితి నాడు నాన్న విసిరిన కంచం అంచు అమ్మ మణికట్టుకు తగిలి, గుమ్మానికి కొట్టుకుని కింద పడింది. అమ్మ ఏమీ అనలేదు. రక్తం కడుక్కుని ఉండ్రాళ్ళు వడ్డించింది. నాన్న ఆ రోజు తినలేదు. కార్తీకంలో మళ్ళీ మాల వేసుకున్నారు. ఆ తరువాత ఏ ఏడూ మానలేదు.

క్లాంపర్‌లో కెపాసిటర్ ఎప్పుడు నిండుతుందో పిల్లలకు చెప్పేటప్పుడు నాకు ఆ గుమ్మమే గుర్తొచ్చేది. అల అట్టడుగుకు పడిన క్షణంలో డయోడు తెరుచుకుంటుంది, ఛార్జి అప్పుడే లోపలికి చేరుతుంది. అల ఎంత లోతుకు పడితే తరువాత అంత ఎత్తుకు లేస్తుంది. ఆ ఛార్జి ఎల్లకాలం ఉండేది కూడా కాదు. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు లక్ష ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే టైమ్ కాన్‌స్టెంట్ సెకనులో పదో వంతు, అంటే మన అలకు వంద చుట్లు. ఈలోగా కారిపోయినంత మళ్ళీ నింపుకోవాలి. ఏటా వేసుకునే మాల ఆ నింపుకోవడమేనని నాకు అప్పుడు తోచలేదు. మాల తీసిన వారానికే నాన్న మళ్ళీ అరిచేవారు. నేను ఆ అరుపు ఎత్తునే కొలిచి, మనిషి మారలేదని తేల్చేశాను.

2006లో, నాన్న పోయిన మరుసటి ఏడు, ల్యాబ్‌లో ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. “మేడమ్, క్లాంపర్ పనిచేయట్లేదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఒకేలా ఉన్నాయి.” సర్క్యూట్ సరిగ్గానే ఉంది. సీఆర్‌ఓ స్విచ్ ఏసీలో ఉంది. ఏసీలో పెడితే సీఆర్‌ఓ లోపలున్న కెపాసిటర్ క్లాంపర్ లేపిన ఎత్తునంతా మింగేసి, అల ఆకారాన్ని మాత్రమే తెరకు పంపుతుంది. ఏటా ఎవరో ఒకరు చేసే తప్పే ఇది. స్విచ్ డీసీకి జరిపాను. అల తెర మీద ఒక్కసారిగా పైకి లేచింది. కుర్రాడు సంతోషపడ్డాడు. నేను మాత్రం ఆ ప్రోబ్ పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ సాయంత్రం అమ్మను అడిగాను. “ఆ చవితి తరవాత నాన్న ఎప్పుడన్నా కంచం విసిరారా?”

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “అరవడం ఎప్పటికీ అరిచారు కదే. కంచం మాత్రం చేతిలోంచి కదల్లేదు. నువ్వు చూళ్ళేదా?”

ఆ స్టీలు కంచం ఇప్పుడు నా దగ్గరుంది. అంచు పొడవునా సొట్టలే. గోడకు తగిలినవి చిన్నవి, గుమ్మానికి తగిలింది పెద్దది. అన్నీ 1993 లోపువే.